సెకనుకు పన్నెండు బొమ్మలు

జనవరి 6, 2025, సోమవారం. ధర్మవరం

డిగ్రీ కాలేజీ ల్యాబులో సిస్టమ్స్ అన్నీ ఇవాళ ఒక్కొక్కటే ఆన్ చేసి చూశాను. చాలావాటికి నాలుగు జీబీ ర్యామే. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఒక్కదానికీ లేదు. యానిమేషన్ ప్రోగ్రాము బ్లెండర్ 4 వీటి మీద తెరుచుకోదు. దానికి ఓపెన్‌జీఎల్ 4.3 ఉండాలి, ఈ పాత ఇంటెల్ చిప్పులు అందాకా రావు. 3.6 దించి పెట్టాను. ఆయాసపడుతూనైనా నడుస్తోంది. బ్లెండర్ వాళ్లలో నాకు నచ్చే సంగతి ఇది: కొత్తది వచ్చింది కదా అని పాతదాన్ని లాగేసుకోరు. తొంభైల నాటి వెర్షన్లు కూడా అలాగే ఉంచారు, కావలసినవాళ్లు దించుకోవచ్చు.

దాంతోపాటు బొమ్మలకు క్రిటా, గింప్, ఓపెన్‌టూన్జ్, శబ్దానికి ఆడాసిటీ, ఎడిటింగుకు కేడెన్‌లైవ్. అన్నీ కలిపి ఒక పెన్‌డ్రైవ్‌లో పట్టాయి. బ్లెండర్‌నైతే ఇన్‌స్టాల్ కూడా చేయనక్కర్లేదు, జిప్ విప్పి నేరుగా నడుపుకోవచ్చు. పిల్లలు దాన్ని మేనమామ ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్నా అడిగేవాడు లేడు.

హైదరాబాద్‌లో యానిమేషన్ పాఠాలు చెప్పిన రోజుల్లో చూసినదే నన్నిటు తిప్పింది. కోర్సు అయ్యేసరికి పిల్లల చేతిలో సర్టిఫికెట్ ఉండేది, ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఉండేది కాదు. ఏటా డబ్బు కట్టే స్తోమత లేక క్రాక్ కాపీలు వెతుక్కునేవాళ్లు, వాటితో అంటుకున్న వైరస్‌లను మోసుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు. ఫీజుకు అప్పు చేసినవాళ్లు కూడా కొన్నాళ్లకు బొమ్మ గీయడం మానేసి డేటా ఎంట్రీలో చేరిపోయేవాళ్లు.

జనవరి 9, గురువారం

పిల్లల్ని కంప్యూటర్ల జోలికి పోనివ్వలేదు. తలా ఒక నోటుపుస్తకం, దాని మూలల్లో బంతి. పై నుంచి పడాలి, నేలకు తగలాలి, మళ్లీ లేవాలి. “సాఫ్ట్‌వేర్ ఎప్పుడు సార్?” అని వెనక వరుస నుంచి గొణుగుడు.

మొదటిసారి అందరూ ఒకేలా గీస్తారు. బంతిని సమాన దూరాల్లో కిందికి దించుతారు. పేజీలు జారవిడిస్తే బంతి పడదు, లిఫ్టులో దిగుతుంది. నేనేమీ అనలేదు. కాసేపటికి బీఎస్సీ రెండో సంవత్సరం అమ్మాయి లేచి, “సార్, ఇది హాఫ్ జీ టీ స్క్వేర్ గదా?” అంది. బోర్డు దగ్గరికి పిలిచాను.

సినిమా సెకనుకు 24 ఫ్రేములు. చేత్తో గీసేవాళ్లు మామూలుగా ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు నిలుపుతారు, అంటే సెకనుకు పన్నెండు బొమ్మలు. వదిలిన బంతి మొదటి పన్నెండో వంతు సెకనులో 3.4 సెంటీమీటర్లు పడుతుంది. ఆ తర్వాత అంతే సమయంలో దానికి మూడింతలు, ఆపైన అయిదింతలు, ఏడింతలు. గెలీలియో నాటి నుంచి తెలిసిన లెక్కే. నాలుగు విడతలకు మొత్తం అర మీటరు దాటింది. టేబుల్ మీది నుంచి పడే బంతికి అయిదు బొమ్మలు కూడా నిండుగా పట్టవని తేలేసరికి పిల్ల తానే ఆశ్చర్యపోయింది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సూత్రం కింద ఇంత బంతి ఉందని ఆమెకెవరూ చెప్పలేదు.

ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో రాసిన పుస్తకంలోని పన్నెండు యానిమేషన్ సూత్రాల పట్టిక ఇంకా చూపించలేదు. చూపిస్తే బట్టీ పడతారు.

జనవరి 20, సోమవారం

పండగ సెలవుల తర్వాత క్లాసు పలచబడింది. ఉన్నవాళ్లతోనే క్రిటా మొదలుపెట్టాను. టైమ్‌లైన్, ఆనియన్ స్కిన్, అంతే. ముందు బొమ్మ ఒక రంగులో, వెనక బొమ్మ ఇంకో రంగులో మసగ్గా కనపడేసరికి ఎవరూ వివరించమని అడగలేదు. గీయడం మొదలుపెట్టారు.

పెన్ టాబ్లెట్ నాది ఒక్కటే. వంతులవారీగా వాడుతున్నారు. మౌస్‌తో గీసేవాళ్ల గీత వణుకుతోంది. అందుకని వేరే దారి పట్టాం: కాగితం మీద పెన్సిల్‌తో గీయడం, ఫోన్‌ను ఒక స్టీలు స్టాండుకు కట్టి పైనుంచి ఫొటోలు తీయడం, వరస పేర్లతో క్రిటాలోకి ఒక్కసారే దిగుమతి చేయడం. టాబ్లెట్ వంతు వచ్చినా కాగితమే కావాలంటున్నారు ఇద్దరు.

క్రిటా ఫ్రేములన్నిటినీ మెమరీలో పెట్టుకుంటుంది, నాలుగు జీబీ ఎంతసేపూ సరిపోదు. కాన్వాస్ 1280 × 720కి దించాను. ఫోన్లో చూసుకునే సినిమాకు అది చాలు.

జనవరి 29, బుధవారం

ఇవాళ్టి సంగతి వివరంగా రాసుకోవాలి.

ధర్మవరంలో యానిమేషన్ క్లాసు పెట్టి మగ్గం వదిలేస్తే ఎట్లా? ఆగకుండా తిరిగే చిన్న లూప్ చేయమన్నాను. ఈ చివర నుంచి ఆ చివరకు పేక దారంతో నాడె పోవాలి, అచ్చు వచ్చి పేకను కొట్టాలి, నాడె వెనక్కి రావాలి. బ్లెండర్‌లో ఇది చాలా సులువు. మొదట్లో ఒక కీ, చివర్లో ఒక కీ, మధ్యలోది అది చూసుకుంటుంది. పిల్లలందరి నాడెలూ అటూ ఇటూ నున్నగా తిరుగుతున్నాయి. చూడ్డానికి అందంగానే ఉన్నాయి.

మగ్గం ఇంటి నుంచి వచ్చే పిల్ల మాత్రం స్క్రీన్ వంకే చూస్తూ కూచుంది. ఎందుకమ్మా అంటే, “నాడె ఇట్ల నిదానంగా కదలదు సార్. ఇసిరేసినట్ల పోతాది, ఠక్కున నిలబడతాది” అంది.

గ్రాఫ్ ఎడిటర్ తెరిచి అందరినీ పిలిచాను. రెండు కీల మధ్య బ్లెండర్ తనంతట తాను గీసే గీత వంపు తిరిగి ఉంటుంది. నెమ్మదిగా మొదలై, వేగం అందుకుని, నెమ్మదిగా ఆగుతుంది. బెజియర్ అంటారు. తలుపుకైనా తలకాయకైనా చాలావరకు నప్పుతుంది. ఎవరో ప్రోగ్రామర్ ఎక్కువమందికి పనికొస్తుందని ముందే పెట్టి ఉంచిన అలవాటది. నాడెకు ఆ అలవాటు లేదు. కీలు ఎంచుకుని టీ నొక్కి లీనియర్ పెట్టమన్నాను. గీత తిన్ననైంది, నాడె దూసుకుపోయి ఆగింది. అయినా ఆ పిల్లకు తృప్తి లేదు. ఆగాక నాడె ఒక్క పిసరు అదురుతుందట. ఇంకో రెండు కీలు పెట్టి ఆ అదురు తెచ్చింది. అప్పటికి పక్క మగ్గం ఇళ్ల పిల్లలు కూడా లేచి వచ్చి, “అచ్చు దెబ్బ ఇంకా గట్టిగా పడల్ల” అని తలా ఒక మాట వేశారు.

యానిమేషన్ ట్యుటోరియల్స్ ఎన్నో చూశాను. నాడె అదరాలని చెప్పినది ఒక్కటీ లేదు.

ఫిబ్రవరి 4, మంగళవారం

“ఇంత పెద్ద సాఫ్ట్‌వేర్ ఊరికే ఎందుకిస్తారు సార్? ఎక్కడో మెలిక ఉంటుంది” అన్నాడు ఒకడు. అనుమానం మంచిదే. కథ చెప్పాను.

టాన్ రోజెండాల్ అనే డచ్చాయన తన యానిమేషన్ స్టూడియోలో పనికోసం రాసుకున్నది బ్లెండర్. దాన్ని అమ్ముదామని 1998లో కంపెనీ పెట్టాడు. 2002లో అది మూతపడింది. ప్రోగ్రాము హక్కులు పెట్టుబడిదారుల చేతిలో ఉండిపోయాయి. లక్ష యూరోలు ఇస్తే వదిలేస్తామన్నారు. ఆయన వాడుకరుల ముందు జోలె పట్టాడు. ఏడు వారాల్లో లక్ష పోగైంది. 2002 అక్టోబరు 13న కోడ్ మొత్తం జీపీఎల్ అనే ఉచిత లైసెన్సు కింద బయటికి వచ్చింది. అప్పటినుంచి దాన్ని మూసేయడం ఎవరి తరమూ కాదు.

“అంటే చందాలేసుకుని కొన్నారన్నమాట, వినాయకుడికేసుకున్నట్టు” అన్నాడు ఆ అనుమానప్పక్షి. అవును. వీళ్లు మాత్రం నిమజ్జనం చేయలేదు.

ఓపెన్‌టూన్జ్ సంగతి కూడా చెప్పాను. ఇటలీలో పుట్టిన టూన్జ్‌ను జపాన్‌లో జిబ్లీ స్టూడియో ప్రిన్సెస్ మొనొనోకె కాలం నుంచి వాడుకుంది. 2016లో డ్వాంగో కంపెనీ దాన్ని అందరికీ వదిలింది. జిబ్లీ పేరు వినగానే కళ్లు పెద్దవి చేసి, తెరిచి చూసి, ఆ కిటికీలకు దడుచుకుని మళ్లీ క్రిటాకు వచ్చేశారు. నేను బలవంతపెట్టలేదు. నాకూ దాని వాలకం నచ్చదు.

ఇంగ్లీషు మెనూలు చాలామందికి అడ్డం కావడం లేదు, ఇంగ్లీషు వివరణలే అడ్డం. అందుకని మన భాషల్లో దొరికే ఐఐటీ బొంబాయి వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్స్ అప్పగించాను. వెర్షన్ పాతదైనా పనికొస్తాయి. కేరళలో 2018 నుంచి లిటిల్ కైట్స్ పేరుతో హైస్కూలు పిల్లలే బళ్లో ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మీద యానిమేషన్ చేస్తున్నారు. మా వాళ్లు డిగ్రీకి వచ్చాక మొదలుపెట్టారు. కానీలే.

ఫిబ్రవరి 8, శనివారం

నిమ్మలకుంట నుంచి వచ్చే కుర్రాడు ఇప్పటిదాకా నోరు తెరిచింది లేదు. ఇవాళ పాత పంచెలో చుట్టి తోలుబొమ్మను తెచ్చాడు. ఆటలో నవ్వించే బంగారక్క. ఒక చెయ్యి మోచేతి దగ్గర ఊడింది, ఆటకు పనికిరాదని తాత పక్కన పెట్టాడట. వాళ్ల ఊళ్లో ఇప్పుడు ఆటల కంటే అదే తోలుతో చేసే దీపం షేడ్లకే గిరాకీ. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అయినా క్లాసులో చాలామంది ఆట మొత్తం ఎప్పుడూ చూడలేదు.

బొమ్మను బల్ల మీద పెట్టి ఫొటో తీస్తే మురికి తోలుముక్కలా ఉంది. కుర్రాడు నవ్వి, కిటికీకి ఆనించి పట్టుకున్నాడు. ఎరుపూ ఆకుపచ్చా ఒక్కసారి వెలిగాయి. మేకతోలును పలచగా గీకేది, అంచుల్లో, నగల్లో చిల్లులు కొట్టేది వెలుతురు దాటడానికే. వెలుతురును వెనక పెట్టి ఫొటో తీశాం. గింప్‌లో తల, మొండెం, భుజం, ముంజేయి వేరుచేశాం. మొదటి తరం యానిమేషన్ ఫీచర్ సినిమాల్లో ఒకటి, లొటె రైనిగర్ 1926లో పూర్తిచేసిన ప్రిన్స్ అహ్మద్, ఇలాగే కీళ్లు కట్టిన నల్లకాగితం ముక్కలతో తీసింది.

బ్లెండర్‌లో ఆ ముక్కలకు ఎముకలు కట్టి, నేను భుజం ఎముకను తిప్పి, ఆపైన మోచేతిని తిప్పి చూపిస్తున్నాను. కుర్రాడు ఆగలేకపోయాడు. “సార్, మీరు భుజం నుంచి తిప్పుతాండారు. మేము సెయ్యి కొస పట్టుకోని ఆడిస్తాము. మోచెయ్యి దానంతట అదే వస్తాది.”

బొమ్మ చేతికి కట్టిన కర్రను పట్టుకుని చూపించాడు. చెయ్యి పైకి లేపితే మోచెయ్యి మడుచుకుంది, ముందుకు తోస్తే చాచుకుంది. బ్లెండర్‌లో దీన్ని ఐకే అంటారు, ఇన్వర్స్ కైనమాటిక్స్. గొలుసు చివరి ఎముకను లాగితే మిగతా కీళ్ల కోణాలు లెక్కగట్టుకుంటుంది. మామూలుగా ఈ పాఠానికి ఒక పూట పోతుంది, సగం మంది అయోమయంగా చూస్తారు. ఇవాళ బంగారక్క చెయ్యి ఒకసారి ఊపితే సరిపోయింది.

తేడా కూడా వాడే పట్టుకున్నాడు. కంప్యూటర్ మోచెయ్యి లెక్క ప్రకారం వస్తుంది, బరువు లేకుండా. తోలు మోచెయ్యి కొద్దిగా ఆలస్యంగా వస్తుంది, చెయ్యి ఆగాక కూడా ఊగుతుంది. కాళ్లకైతే కర్రలే లేవు, వట్టిగా వేలాడతాయి, బొమ్మ గెంతితే అవి తర్వాత గెంతుతాయి. ఆ ఆలస్యాన్ని ఒక్కో కీ వెనక్కి జరుపుతూ చేత్తోనే పెట్టాడు. ఎంత వెనక్కి జరపాలో నన్ను అడగలేదు.

చీకటి పడ్డాక వాచ్‌మన్ వచ్చి లైట్లు ఆర్పితే గానీ కదల్లేదు. కేతిగాడు లేకుండా బంగారక్క ఎవరితో పోట్లాడుతుంది? సోమవారం వాణ్ణి కూడా తెస్తానన్నాడు.

ఫిబ్రవరి 17, సోమవారం

రెండరింగ్ మధ్యలో కరెంటు పోయింది. ఏం నష్టం లేదు. వీడియోగా కాక పీఎన్‌జీ బొమ్మల వరసగా రెండర్ చేయిస్తున్నాను, ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఇంకో ఉపాయం: అవుట్‌పుట్‌లో ఓవర్‌రైట్ తీసేసి, ప్లేస్‌హోల్డర్స్ పెట్టి, ఒకే షేర్డ్ ఫోల్డర్ చూపిస్తే ల్యాబు సిస్టమ్స్ అన్నీ ఒకే సినిమా మీద పనిచేస్తాయి. ఒకటి పట్టుకున్న ఫ్రేమును ఇంకోటి ముట్టదు. ఈ మూలనున్న డొక్కు సిస్టమ్ కూడా తన వంతు బొమ్మలు ఇస్తోంది. పిల్లలు దానికి చప్పట్లు కొట్టారు.

ఫిబ్రవరి 27, గురువారం

నాడె లూప్ చేసిన పిల్ల నాన్నగారు వచ్చారు. నిన్న శివరాత్రి జాగరం, కళ్లు ఎర్రగా ఉన్నాయి. “సారూ, ఇది నేర్చుకుంటే మా పాపకు ఉద్యోగం వస్తాదా? నిజం చెప్పండి.”

నిజమే చెప్పాను. హైదరాబాద్ స్టూడియోల ప్రకటనల్లో మాయా, టూన్ బూమ్ పేర్లే ఎక్కువ కనపడతాయి. బ్లెండర్ అడిగేవాళ్లు పెరుగుతున్నారు గానీ ఇంకా తక్కువే. మాయా కూడా విద్యార్థిగా ఉన్నన్నాళ్లు ఉచితంగా దొరుకుతుంది. చదువైపోయాక డబ్బు కట్టాలి, ఈలోగా దాంతో చేసినవి అమ్ముకోకూడదు. కదలిక తెలిసినవాళ్లు ఒకదాని నుంచి ఇంకోదానికి మారడానికి కొన్ని నెలలు చాలు. కదలిక తెలియనివాళ్లకు ఏ సాఫ్ట్‌వేర్ ఇచ్చినా ఒకటే. ఉద్యోగం గ్యారంటీ అని ఎవరైనా అంటే మాత్రం నమ్మొద్దన్నాను.

ఆయనకు ఈ జవాబు నచ్చినట్టు లేదు. లేచేముందు లూప్ చూపించాను. చాలాసేపు చూసి, “అచ్చు కొట్టేది సరిగ్గా ఉంది” అన్నాడు. ఫీజు గురించి అడిగాడు. లేదన్నాను. మళ్లీ అనుమానంగా చూశాడు.

మార్చి 3, సోమవారం

ఫోన్ ఉదయం నుంచి ఆగలేదు. ఫ్లో అనే యానిమేషన్ సినిమాకు ఆస్కార్. లాట్వియా అనే చిన్న దేశం, గింట్స్ జిల్బలోడిస్ అనే కుర్ర దర్శకుడు, వరదలో కొట్టుకుపోయే పిల్లి, సినిమా అంతా ఒక్క మాట లేదు. ఇన్‌సైడ్ అవుట్ 2, ద వైల్డ్ రోబోలను దాటి వచ్చింది. తీసింది బ్లెండర్‌లో, రెండర్ చేసింది మా వాళ్లు రోజూ నొక్కే ఈవీ రెండర్ ఇంజన్‌తోనే. రెండర్ ఫారం లేదు, దర్శకుడి సొంత పీసీ మీదే.

క్లాసులో ఈలలు. “సార్, మన సాఫ్ట్‌వేర్ గెలిచింది!” పండగ చెడగొట్టడం ఇష్టం లేకపోయినా ఒక మాట చెప్పాల్సి వచ్చింది. అదే మనిషి అంతకుముందు “అవే” (Away) అనే పూర్తి నిడివి సినిమాను ఒంటరిగా చేశాడు. అది మాయాలో చేసింది. 2019లో బ్లెండర్‌కు మారాడు. ఫ్లోకు దాదాపు ముప్పై అయిదు లక్షల యూరోలు ఖర్చయింది, దేశాలు దాటి చాలామంది పనిచేశారు. సాఫ్ట్‌వేర్ ఉచితం, మనుషుల కాలం ఉచితం కాదు.

వినలేదు. బంగారక్కను కూడా పంపుదాం అంటున్నారు. మంచిది, ముందు పూర్తి చేయండి.

మార్చి 12, బుధవారం

శబ్దం. మగ్గం చప్పుడు ఫోన్లో పట్టుకొచ్చారు. ఆడాసిటీలో తరంగం చూస్తే అచ్చు దెబ్బ ఎక్కడ పడుతుందో కంటికి తెలుస్తుంది. బొమ్మను దానికి జరిపారు. శబ్దాన్ని బొమ్మకు జరపడం కంటే ఇదే మేలు.

మార్చి 22, శనివారం

రెండు సినిమాలూ దాదాపు అయ్యాయి. మగ్గం లూప్, బంగారక్క కేతిగాళ్ల పోట్లాట. ఇవాళ క్లాసులో అసలు పోట్లాట వేరే జరిగింది.

బ్లెండర్ స్టూడియో వాళ్లు తమ సినిమాల ఫైళ్లను కూడా పంచుతారని, బిగ్ బక్ బన్నీని 2008లో అలాగే ఇచ్చారని చెప్పి ఉన్నాను. అనుమానప్పక్షి అడిగాడు: “అయితే మనం కూడా ఫైళ్లన్నీ ఇచ్చేయాలా? ఉచితంగా తీసుకున్నాం గదా.” అక్కర్లేదన్నాను. జీపీఎల్ షరతులు ప్రోగ్రాముకు. దాంతో గీసిన బొమ్మ గీసినవాళ్లది. అమ్ముకోవచ్చు, దాచుకోవచ్చు, పంచుకోవచ్చు. సగం మంది పంచుదామన్నారు.

నిమ్మలకుంట కుర్రాడు ఒప్పుకోలేదు. బంగారక్క ముఖం, ఆ నగల చిల్లులు తన తాత కొట్టినవి. ఆ బొమ్మను ఎవరో టీషర్టు మీద అచ్చేసుకుంటే తాతకేమని చెప్పాలి? ఆంధ్ర తోలుబొమ్మలకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉన్నంత మాత్రాన ఇంట్లో ఆ ప్రశ్న ఆగదు. “ఎముకలు ఇస్తా సార్. తోలు ఇయ్యను” అన్నాడు. అంటే కీళ్లు కట్టిన ఫైలును మట్టిరంగు కాగితం ముక్కలతో పంచుతాడు, ఎవరి బొమ్మను వాళ్లు తొడుక్కోవచ్చు. నాకు ఇంతకంటే మంచి పరిష్కారం తోచలేదు. తోచినా చెప్పేవాణ్ణి కాదు, బొమ్మ వాళ్లది.

మగ్గం పిల్ల తన లూప్ మొత్తం ఇచ్చేస్తానంది. అంతలో పక్కనున్న అమ్మాయి అందులోని చీర అంచు వైపు వేలు చూపించింది. ఆ నెమళ్ల అంచు సావుకారు ఇచ్చిన డిజైను. వాళ్ల నాన్న నేసేదే గానీ ఆయనది కాదు. చీర ఇంకా అంగడికి కూడా రాలేదు. పిల్ల ముఖం మాడ్చుకుని, సాదా జరీ అంచు పెట్టి మళ్లీ రెండర్ చేస్తానంది. ఎనిమిది సెకన్లు, పన్నెండు లెక్కన 96 ఫ్రేములు. అన్ని సిస్టమ్స్ కలిస్తే ఒక సాయంత్రం పని. రేపు ఆదివారం, ల్యాబు తాళం కోసం ప్రిన్సిపాల్ గారికి ఇప్పుడే ఫోన్ చేయాలి.